అన్నం మానేశాను, మాత్రలూ మానేశాను: ఇంట్లో ఎవరికీ తెలియదు

పల్నాడు జిల్లా నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. ఆనవాలు పట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైనవి ఇస్తున్నాం.

ఆమెకు 38 ఏళ్ళు. ఏడున్నరేళ్ళ క్రితం మలంలో రక్తం కనబడింది. మొలలనుకుని ఏడాదిన్నర పసరు మందు వాడారు. తగ్గకపోతే గుంటూరులో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకున్నారు. పెద్దపేగు ఎడమ భాగంలో అల్సరేటివ్ కొలైటిస్ (పేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. పేగు వాపు తగ్గించే మెసలమైన్ 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు ఆరు రాశారు. మధ్యలో రెండుసార్లు స్టెరాయిడ్ కోర్సు పడింది. "బస్సెక్కాలంటే ముందురోజు రాత్రి నుంచే తిండి మానేసేదాన్ని. బడిలో బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కున్నాకే క్లాసుకు వెళ్ళేదాన్ని" అని రాశారు.

ఏం తినాలని డాక్టరుగారిని అడిగితే "ఏదైనా తినండి, కారం తగ్గించండి" అన్నారట. ఆ జవాబుతో తృప్తి పడలేక, రాత్రిళ్ళు ఫోన్‌లో చదవడం మొదలుపెట్టారు. అలా స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్ దొరికింది. అన్నం, ఇడ్లీ, దోశ, రొట్టె, రాగి, జొన్న, బంగాళాదుంప, పంచదార, పాలు అన్నీ బంద్. కోడిగుడ్లు, మాంసం, ఉడికించిన కూరగాయలు, మగ్గిన అరటిపండు, తేనె, బాదం పిండి, 24 గంటలు తోడుపెట్టిన పెరుగు మాత్రమే. ఇది మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. రెండో నెలకే రక్తం ఆగిపోయింది. తొమ్మిది నెలలు మాత్రలూ, ఈ తిండీ కలిపి నడిపారు. తర్వాత మాత్రలు ఆపేశారు. ఐదు నెలలుగా పొద్దుటా రాత్రీ మాత్రలు విప్పి, చెత్తబుట్టలో వేసి, భర్తకు ఖాళీ స్ట్రిప్ చూపిస్తున్నారు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు.

ఇప్పుడు బరువు 44 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మూడు వారాలుగా పొద్దున్నే రెండుసార్లు విరేచనం, కొంచెం జిగురు. పెళ్ళిలో తిన్న లడ్డూ వల్ల అనుకుంటున్నారు. నెలసరి నొప్పికి మెడికల్ షాపు బిళ్ళ వేసుకుంటారు. అత్తగారు "అన్నం తినని మనిషి ఇంట్లో ఉంటే అరిష్టం" అంటున్నారు. పదకొండేళ్ళ కూతురు బడికి అన్నం బాక్సు తీసుకెళ్ళనంటోంది. "అమ్మా, నాకూ రక్తం వస్తుందా?" అని అడిగిందట.

ఆమె ప్రశ్న: "నాకు నయం చేసింది తిండి. మళ్ళీ మాత్రలు ఎందుకు? మావారికి చెప్పాలా? డాక్టరు తిడితే ఏం చేయాలి?"

*

మీరు చేసిన పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ముందే చెబుతున్నాను. పేగు జబ్బు ఉన్న మనిషి రోజుకు మూడుసార్లు ఎదుర్కొనే ప్రశ్న "ఇప్పుడేం తినను?" అనేదే. దానికి రెండు ముక్కల్లో జవాబు వస్తే ఎవరైనా వేరే చోట వెతుక్కుంటారు. మీరు వెతికారు, నోట్‌బుక్ పెట్టారు, నోరు కట్టుకున్నారు. పద్నాలుగు నెలలు అన్నం ముట్టకుండా తెలుగింట్లో బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీరు గమనించినది అబద్ధమని నేను అనను. దాని నుంచి మీరు తేల్చిన విషయం మీదే నాకు సందేహం.

మీ ఉత్తరంలో తేదీలు వరసగా రాసుకుని చూశాను. ఈ తిండి మొదలైన నెలలోనే రెండో స్టెరాయిడ్ కోర్సు ముగిసింది. అదే నెల డాక్టరు రాత్రిపూట మలద్వారం గుండా ఎక్కించే ఎనీమా మందు కలిపారు. వేసవి సెలవులూ అప్పుడే: బస్సు లేదు, బాత్రూమ్ తాళం బెంగ లేదు. "ఈసారి గట్టిగా ఉండాలని మాత్రలు కూడా ఒక్క పూట తప్పలేదు" అని మీరే రాశారు. అంతకుముందు వారానికి రెండు మూడు రోజులు మర్చిపోయేవారట. ఒకే నెలలో ఇన్ని మారాయి. అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టింది తిండి కాబట్టి ఫలితం మొత్తం దాని ఖాతాలో వేశారు. మనుషులందరం అలాగే చేస్తాం.

మీరు పట్టుకున్న ఈ ఆహారం వెనకా ఇలాంటి కథే ఉంది. న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. తిన్నది ఒంటబట్టని సీలియాక్ అనే పేగు జబ్బుతో చిక్కి శల్యమైన పిల్లలకు బ్రెడ్డు, బంగాళాదుంపలు మాన్పించి, అరటిపండ్లు ప్రధానంగా పెట్టి, 1924లో ఆ ఫలితాలు ప్రచురించారు. పిల్లలు నిజంగానే కోలుకున్నారు. పిండిపదార్థాలే పేగుకు శత్రువులని ఆయన నమ్మారు. అక్కడ హాలండ్‌లో విల్లెమ్ డికె అనే మరో పిల్లల డాక్టరుకు గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల రొట్టె దొరకని కరువు వచ్చింది. అది ఆ అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో దోషం గోధుమదేనని చూపించారు. అంటే హాస్ పిల్లలు బాగుపడింది అరటిపండు మహిమ వల్ల కాదు, బ్రెడ్డు మానేసినందువల్ల. ఆయన చూసింది నిజం, చెప్పిన కారణం తప్పు. తర్వాత అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న ఒక పాపను తల్లి ఎలేన్ గాట్‌షాల్ ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. పాప కోలుకుంది. ఆ తల్లి తర్వాత బయోకెమిస్ట్రీ చదివి, ఈ ఆహారాన్ని కొలైటిస్, క్రోన్స్ (ఇదీ పేగు వాపు జబ్బే) రోగుల్లోకి తీసుకెళ్ళారు. మీ ఫోన్‌లోకి వచ్చింది అదే.

కారణం తప్పైతే నాకేం, ఫలితం ఉంది కదా అంటారా? కారణం తెలియకపోతే మానక్కర్లేనివి కూడా మానేస్తాం. మీ అన్నం అలాగే పోయింది. అరగని పిండిపదార్థం పెద్దపేగులోని సూక్ష్మజీవులకు మేత అవుతుందన్నది ఈ ఆహారం వెనక ఉన్న సిద్ధాంతం. రకరకాల పిండిపదార్థాలు తినిపించి, ఊపిరిలో హైడ్రోజన్ కొలిచి చూసిన పరిశోధన 1980ల్లోనే జరిగింది. గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప, చిక్కుడు గింజల్లో కొంత భాగం అరగకుండా కిందికి పోయింది. వరి మాత్రం దాదాపు పూర్తిగా పైనే అరిగిపోయింది. అంటే ఆ సిద్ధాంతం ప్రకారం చూసినా వేడి వేడి తెల్లన్నానిది పెద్ద నేరం కాదు. (చల్లారిన అన్నంలో అరగని పిండి కొంచెం పెరుగుతుంది. కాబట్టి చద్దన్నం తర్వాత చూద్దాం.)

ఇక అసలు విషయానికి వస్తాను. ఒంట్లో సుఖంగా ఉండటం, పేగు మానడం రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. అమెరికాలో క్రోన్స్ రోగుల్లో కొందరికి మీరు తింటున్న ఆహారం, కొందరికి మెడిటరేనియన్ ఆహారం (ఆలివ్ నూనె, కూరగాయలు, పండ్లు, చేపలు ఎక్కువగా ఉండేది) పెట్టి చూసిన పరిశోధన 2021లో వచ్చింది. ఆరు వారాలకు లక్షణాలు సర్దుకున్నవారు మొదటి గుంపులో 46.5 శాతం, రెండో గుంపులో 43.5 శాతం. అంటే తేడా లేనట్టే. రెండో ఆహారంలో ధాన్యాలు ఉన్నాయి, పప్పులు ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చూడండి. మలపరీక్షలో పేగు వాపును చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవారిలో అది బాగా తగ్గింది రెండు గుంపుల్లోనూ మూడో వంతు మందికే. దాదాపు సగం మందికి హాయిగా అనిపించింది కానీ, లోపల వాపు అంతమందికి తగ్గలేదు.

ఎందుకలా? వాపు అణిగాక కూడా కొలైటిస్ ఉన్నవాళ్ళలో చాలామందికి గ్యాసు, ఉబ్బరం, బాత్రూమ్‌కు పరుగు మిగిలిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, కొన్ని పప్పులు పేగులో పులిసి వీటిని పెంచుతాయి. లండన్ కింగ్స్ కాలేజీవాళ్ళు 2020లో, జబ్బు అణిగి ఉన్నా ఇలాంటి ఇబ్బందులున్న 52 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇలా పులిసే పదార్థాలు తగ్గించి చూశారు. నాలుగు వారాల్లో ఆ గుంపులో సగం మందికి ఉపశమనం వచ్చింది. ఉత్తుత్తి పథ్యం పాటించిన గుంపులో 16 శాతం మందికే వచ్చింది. కానీ వాపు సూచికలు మాత్రం మారలేదు. మీ మార్పుల్లో గోధుమ, పాలు, పప్పులు ఒకేసారి పోయాయి. మీ హాయికి అసలు కారణం అదే కావచ్చు. అయితే దానికోసం అన్నం వదలనవసరం లేదు. మాత్రలకు అది బదులూ కాదు.

మాత్రల సంగతి. ఒక వీడియోలో "ఇవి కిడ్నీలు తినేస్తాయి" అన్నారని రాశారు. అది పూర్తి అబద్ధం కాదు. మెసలమైన్ వల్ల అరుదుగా కిడ్నీకి ఇబ్బంది వస్తుంది. అందుకే ఏడాదికోసారైనా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. చవకైన రక్తపరీక్ష. తేడా వస్తే మందు మారుస్తారు. ఇది స్టెరాయిడ్ కాదు. ఇక మానేస్తే ఏమవుతుంది? జబ్బు అణిగి ఉన్న కొలైటిస్ రోగులను గమనించిన 2003 నాటి అమెరికా అధ్యయనంలో, రాసిన మోతాదులో 80 శాతం కంటే తక్కువ వేసుకున్నవారికి తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకు పైగా కనబడింది. మానేసిన వెంటనే కాదు, నెలలు గడిచాక. మొదటి నాలుగు నెలలు బాగుంటే "చూశావా, అక్కర్లేదు" అనిపిస్తుంది. ఇది నివురు గప్పిన నిప్పు లాంటి జబ్బు. మూడు వారాల జిగురును నేను లడ్డూ ఖాతాలో వేయలేను. లడ్డూ అయితే రెండు మూడు రోజుల్లో సర్దుకునేది.

అలాగని ఇది తిరగబెట్టడమేనని కూడా నేను చెప్పలేను. మీ రిపోర్టులు చూడలేదు. మన దగ్గర అమీబా లాంటి ఇన్‌ఫెక్షన్లు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. అప్పుడు మందు వేరు. నెలసరి బిళ్ళ కూడా అనుమానితుల్లో ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ రకం నొప్పి మందులు కొందరిలో కొలైటిస్‌ను రేపుతాయి. మీ నోట్‌బుక్‌లో తిండి ప్రతి గ్రామూ ఉంది కానీ ఆ బిళ్ళ లేదు, నెలసరి తేదీ లేదు, నిద్ర లేదు. నెలసరి రోజుల్లో మామూలు ఆడవాళ్ళకే విరేచనం పల్చబడుతుంది. వీటికి ఈ రోజే గడులు గీయండి. నొప్పికి ఏం వాడొచ్చో డాక్టరును అడగండి. సాధారణంగా పారాసిటమాల్ సూచిస్తారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇప్పుడున్నట్టే సాగడం ఒకటి. చెప్పాల్సినవాళ్ళకు చెప్పకుండా, మాత్రలు లేకుండా. కొన్నాళ్ళు బాగానే గడవొచ్చు. కానీ తిరగబెట్టిన రోజు మీ డాక్టరు ఏమనుకుంటారు? "ఆరు మాత్రలు వేసుకుంటున్నా ఆగలేదు, అంటే మెసలమైన్ పని చేయట్లేదు" అనుకుంటారు. తర్వాతి మెట్టు స్టెరాయిడ్, ఆపైన రోగనిరోధక శక్తిని అణిచే మందులు. ఏ మందుల భయంతో మాత్రలు మానారో అంతకంటే బలమైనవి, మీరు దాచిన ఒక్క విషయం వల్ల మీ మీదికొస్తాయి. ఈ దారిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, తిండిలో మీకు నిజంగా పనికొచ్చినవి ఉంచుకోవడం ఇంకొకటి. ఈ రెండూ పోటీదారులు కావు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 2022లో కొలైటిస్ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను ఎక్కించే చికిత్సతో పాటు, గోధుమ, పాలు, ప్యాకెట్ తిండి, రెడ్ మీట్ తగ్గించిన ఆహారం పెట్టారు. మామూలు చికిత్స కంటే మెరుగైన ఫలితం వచ్చింది. అందులో రోగులకు వాళ్ళు వాడుతున్న మందులు కొనసాగాయి. మీరడిగిన పసుపూ అంతే. 2006లో జపాన్‌లో రోజుకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే ఆరు నెలల్లో తిరగబెట్టడం బాగా తగ్గింది. 43 మందిలో ఇద్దరికే తిరగబెట్టింది, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి. కానీ వాళ్ళందరూ మెసలమైన్ లాంటి మందు వేసుకుంటూనే ఉన్నారు. పసుపులో కర్క్యుమిన్ వంద గ్రాములకు మూడు గ్రాముల చొప్పున ఉంటుంది. ఆ మోతాదు కూరలోంచి రాదు. గట్టి క్యాప్సూళ్ళతో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. డాక్టరుకు చెప్పకుండా కొనకండి.

ఈ దారిలో మీకున్న అసలు ఇబ్బంది ఆరు మాత్రలే అయితే, దానికి పరిష్కారం ఉంది. 1.2 గ్రాముల మాత్రలు దొరుకుతాయి. అవి రెండు వేసుకుంటే అదే మోతాదు. జబ్బు అణిగి ఉన్నప్పుడు రోజుకు ఒకేసారి వేసుకున్నా విడివిడిగా వేసుకున్నంత పని చేస్తాయి. అడిగితే రాస్తారు. మనం అడగం.

మూడో దారి, డాక్టరుకు తెలిసి, పరీక్షల నిఘాలో మందు లేకుండా ఉండటం. "నాకు మాత్రలు వద్దు" అనే హక్కు మీకుంది. దానికి ఒప్పుకునే డాక్టర్లు తక్కువ. మీకు ఇప్పుడు లక్షణాలు ఉన్నాయి కాబట్టి ఈ సమయంలో నేనూ అటు మొగ్గను. అయినా అదే కావాలనుకుంటే కనీసం ఇవి ఉండాలి: కాల్‌ప్రొటెక్టిన్ ఇప్పుడొకసారి, తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్ళీ మళ్ళీ. అంకె ఏ గీత దాటితే మందు మొదలుపెట్టాలో ముందే మాట్లాడుకోవాలి. గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత. 250 దాటితే వాపు ఉన్నట్టే లెక్క. మధ్యలో ఉంటే మళ్ళీ చూడాలి. ఈ ఏర్పాటు లేకుండా మందు లేకుండా ఉండటమంటే మళ్ళీ మొదటి దారే.

ఏ దారి పట్టినా రెండు పనులు తప్పవు. ఒకటి బరువు. మీ ఎత్తుకు 44 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 18 కూడా లేదు. 18.5 కంటే తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి చూపించుకోండి. రెండోది కొలనోస్కోపీ. పెద్దపేగులో కొంత మేర కొలైటిస్ ఉన్నవారికి క్యాన్సర్ ముందే పట్టుకునే పరీక్ష ఎనిమిదేళ్ళ దగ్గర మొదలుపెడతారు. ఆ లెక్క జబ్బు పేరు పెట్టిన రోజు నుంచి కాక, లక్షణాలు మొదలైన రోజు నుంచి వేసుకోవడం మంచిది. పసరు మందు ఏడాదిన్నర కూడా అందులోకే వస్తుంది. అంటే మీకు ఆ పరీక్షకు ఇంకో ఆరు నెలలే ఉంది.

తిండి వదులు చేయడం డాక్టరును చూశాక, ఈ జిగురు తేలాక. మొదట అన్నమే. మెత్తగా వండి, వేడిగా, పిడికెడు. మూడు నాలుగు రోజులు అంతే, ఇంకేదీ మార్చకండి. కుదిరితే పెంచండి, తర్వాత ఇడ్లీ, తర్వాత పల్చటి పెసరకట్టు. ఒకేసారి రెండు కొత్తవి కలిపారంటే మళ్ళీ హాస్ గారి అరటిపండు కథే. ఏదైనా పడకపోతే దాన్ని పక్కన పెట్టి నెల తర్వాత మళ్ళీ చూడండి, జీవితాంతం వెలివేయకండి. నెలకు మూడు వేలకు పైగా బాదంకే పోతోందన్నారు. ఆ డబ్బుతో మీ పరీక్షలు అయిపోతాయి.

చదవడం మానమని నేను చెప్పను. చదివేటప్పుడు మూడు సంగతులు వెతకండి: ఇది ఏ జబ్బువాళ్ళ మీద చేశారు, వాళ్ళు మందు వేసుకుంటున్నారా, కొలిచింది వాళ్ళ మాటా పేగు వాపా. వీడియోల్లో ఇవేవీ ఉండవు. పైగా మానేసి బాగున్నవాళ్ళే వీడియోలు చేస్తారు. మానేసి ఆసుపత్రి పాలైనవాళ్ళకు కెమెరా ముందు కూర్చునే ఓపిక ఉండదు.

డాక్టరు తిడితే? తిట్టవచ్చు. ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళి ఇవ్వండి: మాత్రలు ఆపిన తేదీ, జిగురు మొదలైన తేదీ, బరువు, నొప్పి బిళ్ళ పేరు. కింద ఒక్క వాక్యం: "ఈ తిండి వల్ల నాకు హాయిగా ఉంది, దీన్ని ఎంతవరకు ఉంచుకోవచ్చో చెప్పండి." నోటితో మొదలుపెడితే సంజాయిషీ అయిపోతుంది. కాగితం ఇస్తే అది సమాచారం. అప్పటికీ విననివారైతే ఇంకో గ్యాస్ట్రో డాక్టరును చూడండి. అది ద్రోహం కాదు.

మీవారికి మాత్రం చెప్పాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన మంచివారే. స్ట్రిప్ లెక్కపెట్టేది భయంతో, పెత్తనంతో కాదు. ఏదో ఒక రాత్రి రక్తంతో ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువ విరేచనం, దానికి తోడు జ్వరం, గుండె దడ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది ఆయనే. క్యాజువాల్టీలో "మందులు వేసుకుంటోందా?" అని అడిగితే ఆయన తెలియక "అవును" అనకూడదు. అత్తగారికి కొలైటిస్ అర్థం కావాల్సిన పని లేదు. డాక్టరు పెట్టిన పథ్యం అంటే ఆ తరం గౌరవిస్తుంది. మీరు నిజంగా డాక్టరును కలిశాక ఆ మాటలో అబద్ధం కూడా ఉండదు.

పాపకు దాటవేయకుండా జవాబు చెప్పండి. ఇది అంటుకునే జబ్బు కాదు, అన్నం వల్ల వచ్చింది కాదు. తల్లికి ఉంటే పిల్లలకు అవకాశం కొంచెం ఎక్కువే కానీ ఎక్కువమంది పిల్లలకు రాదు. ఎదిగే పిల్ల అన్నం మానేస్తే వచ్చే నష్టం మాత్రం కచ్చితం. మీరు తినకపోయినా రోజూ ఒక పూట పక్కన కూర్చుని తనకు కలిపి పెట్టండి.

ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మాత్రలు ఏ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలో అక్కడే అడగండి. కాల్‌ప్రొటెక్టిన్ శాంపిల్ ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఆ నొప్పి బిళ్ళ అంకెను పెంచేస్తుంది. ఈ మధ్య వేసుకుని ఉంటే ల్యాబ్‌లోనూ, డాక్టరుకూ ఎన్ని రోజులైందో చెప్పండి. నెలసరి రోజుల్లో శాంపిల్ ఇవ్వకండి.